డబ్బా కొనేముందు సిగ్నల్ జాడ పట్టు, చెల్లె

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. మా ఆయనకు భూపాలపల్లిలో సింగరేణి డ్యూటీ, వారానికోసారి ఇంటికొస్తారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలం. బిడ్డ ఎప్‌సెట్ కోసం ఆన్‌లైన్ క్లాసులు వింటుంది. కొడుకు తొమ్మిదో తరగతి. నేను మగ్గం వర్క్ చేస్తాను, డిజైన్లు వీడియో కాల్‌లో చూపించి ఆర్డర్లు తీసుకుంటాను. ఫైబర్ కేబుల్ మా ఇంటి దాకా రాలేదు. నా ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నెట్టుకొస్తున్నాం. కింది గదుల్లో సిగ్నల్ అంతంతమాత్రం. కాల్ మాట్లాడదామని ఫోన్ పట్టుకుని డాబా ఎక్కితే కింద బిడ్డ క్లాసు ఆగిపోతుంది. హనుమకొండలో ఒక షాపులో జేబులో పట్టే మొబైల్ వైఫై 2,500 రూపాయలకు, ప్లగ్గులో పెట్టే సిమ్ రూటర్ 4,000కు చూపించారు. రెంటిలో ఏది మేలు? ఏ సిమ్ వెయ్యాలి? టీవీ కూడా నడుస్తుందా?

సమాధానం: చెల్లె, ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇంటి కోసమైతే ప్లగ్గులో పెట్టేదే తీసుకో. జేబుది వద్దు. కానీ ఈ వారమే హనుమకొండ బస్సెక్కకు. నాలుగు వేలు చేతి నుంచి పోయేముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది, దానికి మూడు రోజులు చాలు.

సిమ్ రూటర్ అంటే తెర లేని ఫోన్ అనుకో. టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటుంది, దాన్ని వైఫైగా ఇంట్లో పంచుతుంది. అంతకుమించి దాని దగ్గర ఏమీ లేదు. టవర్ సిగ్నల్ అందని మూలలో పెడితే ఎంత ఖరీదైన డబ్బా అయినా అంతే. పరకాల వైపు మా చుట్టాలింట్లో నేను చూశాను. రూటర్‌ను హాల్లో టీవీ పక్కన, ఇనుప బీరువాకు ఆనించి పెట్టారు. స్పీడ్ 2 ఎంబీపీఎస్ దాటడం లేదు, షాపువాడు మోసం చేశాడని అందరూ కోపంగా ఉన్నారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు సాగదీసి, అదే డబ్బాను పై గది కిటికీ గూట్లో పెట్టాను. స్పీడ్ 19కి పోయింది. డబ్బా అదే, సిమ్ అదే, మారింది చోటు ఒక్కటే. ఆ ఇంటి పెద్దాయన ఆ కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌ను కిందికీ పైకీ తిప్పుతూ చాలాసేపు చూశాడు.

అందుకని ముందు సిగ్నల్ ఎక్కడుందో పట్టుకో. మీ ఇంట్లో, పక్కింట్లో కలిపి రెండు మూడు కంపెనీల సిమ్‌లు ఉంటాయి కదా. ఒక్కో సిమ్‌తో మూడు చోట్ల చూడు: కింద హాల్లో, పై గది కిటికీ దగ్గర, మెట్ల గదిలో. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’కు పోయి, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెలో కనిపిస్తుంది. మైనస్ కాబట్టి అంకె చిన్నగా ఉంటేనే మంచిది. మైనస్ 85 లోపు ఉంటే చాలా బాగున్నట్టు. 95 నుంచి 105 దాకా పని నడుస్తుంది. 110 దాటితే ఆ చోటు మీద ఆశ వదులుకో. తెర మీద కనిపించే గీతలను నమ్మొద్దు, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నీ ఫోన్ 5జీ అయితే, షాపువాళ్లు చూపించినది 4జీ రూటర్ అయితే, ఫోన్‌లో వచ్చిన స్పీడ్ రూటర్‌లో రాదు. రెండూ వేర్వేరు దారులు. కాబట్టి పరీక్ష చేసేటప్పుడు ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 5జీ తీసేసి 4జీ మాత్రమే ఉంచు. అప్పుడు వచ్చే అంకెనే లెక్కలోకి తీసుకో.

సిగ్నల్ బలం తెలిశాక స్పీడ్ టెస్ట్ చెయ్యి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి. రాత్రిదే అసలు పరీక్ష. మేడారం జాతరకు పోయినప్పుడు గమనించే ఉంటావు, ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి, ఫొటో మాత్రం పోదు. టవర్ దగ్గరే ఉంది, సిగ్నలూ ఉంది, కానీ ఒక్కో టవర్‌ను వేల మంది పంచుకుంటున్నారు. మీ ఊళ్లోనూ పొద్దుగూకినంక పొలాల నుంచి అందరూ ఇల్లు చేరి ఫోన్లు పట్టుకున్నప్పుడు చిన్నపాటి జాతరే. పొద్దున 30 వచ్చిన సిమ్ రాత్రి 3కి పడిపోతే అది నీకు పనికిరాదు. పొద్దున 12, రాత్రి 9 ఇచ్చే సిమ్‌నే పట్టుకో.

టెస్ట్‌లో రెండు అంకెలు వస్తాయి, డౌన్‌లోడ్, అప్‌లోడ్. అందరూ మొదటిదే చూస్తారు. బిడ్డ క్లాసుకు అది చాలు, 3 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే పాఠం ఆగదు. నీ పని మాత్రం రెండో అంకె మీద నడుస్తుంది. నువ్వు చూపించే బొమ్మ నీ ఇంటి నుంచి బయటికి పోవాలి. అప్‌లోడ్ అర ఎంబీపీఎస్ దగ్గర కొట్టుకుంటుంటే, నువ్వు జాకెట్ చేతి మీద జర్దోసీ తీగను, దాని పక్కన కుట్టిన ముత్యాన్ని కెమెరాకు ఎంత దగ్గరగా పట్టినా, అవతలి ఆమెకు పసుపుపచ్చ మచ్చే కనిపిస్తుంది. గంటలు గంటలు వంగి కుట్టిన పని అట్లా మసకగా కనిపిస్తే ఆమె బేరం ఆడుతుంది, నీకు మనసు కష్టమవుతుంది. అప్‌లోడ్ కనీసం 2 ఉండే చోటు, 2 ఉండే సిమ్ వెతుక్కో. డౌన్‌లోడ్ కొంచెం తక్కువైనా పర్వాలేదు.

సిమ్ తేలింది కదా, ఇప్పుడు ఆ సిమ్‌కు సరిపోయే డబ్బా. ఒక్కో కంపెనీ సిగ్నల్ కొన్ని బ్యాండ్ల మీద, అంటే రేడియో స్టేషన్లకు ఉన్నట్టు దానికి కేటాయించిన తరంగాల మీద వస్తుంది. రూటర్‌లో ఆ బ్యాండ్ లేకపోతే టవర్ పక్కనే ఉన్నా దానికి వినపడదు. జియో 4జీ 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. ఇందులో 5 అంటే 850 మెగాహెర్ట్జ్, దూరం పోతుంది, గోడలు దాటి లోపలికి వస్తుంది. టవర్‌కు దూరంగా ఉన్న ఇళ్లకు అదే దిక్కు. ఎయిర్‌టెల్‌ది ఎక్కువగా 1, 3, 8, 40. బీఎస్‌ఎన్‌ఎల్ కొత్త 4జీకి 28, 1 ముఖ్యం. ఈ 28వ బ్యాండ్ దగ్గరే చిక్కు వస్తుంది, చవక రూటర్లు చాలావాటిలో అది ఉండదు. మీ దగ్గర బీఎస్‌ఎన్‌ఎల్ సిగ్నలే బాగుందని తేలితే, డబ్బా మీద బ్యాండ్ 28 అని కళ్లారా చూసిందాకా డబ్బులివ్వకు. ‘అన్ని సిమ్‌లూ పడతాయి’ అని షాపులో అంటారు. సిమ్ పట్టడం వేరు, బ్యాండ్ అందుకోవడం వేరు.

జేబు డబ్బా ఎందుకు వద్దన్నానంటే, అది ప్రయాణాలకు పుట్టింది. సాధారణంగా 2000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, ఏడెనిమిది గంటలు వస్తుంది, పదిమంది దాకా కలవొచ్చని రాసుంటుంది. ఇంట్లో ఇరవైనాలుగు గంటలూ నడవాలి కాబట్టి చార్జర్‌కు గుచ్చే ఉంచుతారు. ఎప్పుడూ చార్జింగ్‌లోనే, ఎప్పుడూ వేడిగా ఉంటే ఆ బ్యాటరీ కొన్నాళ్లకు ఉబ్బుతుంది. వెనక మూత పైకి లేచి, రొట్టె పొంగినట్టు ఉబ్బిన డబ్బాలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. వాటిని పిల్లలు పడుకునే గదిలో పెట్టుకున్నారంటే నాకు భయమేస్తుంది. పైగా అందులో యాంటెనా చిన్నది, వైఫై గోడలు దాటి పోదు, వైరు గుచ్చే లాన్ పోర్టు చాలావాటికి ఉండదు. కొన్ని ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ అయి వస్తాయి. మీ ఆయన భూపాలపల్లి క్వార్టర్‌లో ఒక్కరికి కావాలంటే అది సరే. మీ ఇంటికి కాదు.

ప్లగ్గు రూటర్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 300 ఎంబీపీఎస్ అని ఉంటుంది. అది ఇంటర్నెట్ స్పీడ్ కాదు, రూటర్‌కూ నీ ఫోన్‌కూ మధ్య వైఫై వేగం. సిమ్ వైపు సంగతి ‘క్యాట్ 4’ అన్న చోట ఉంటుంది, అంటే అంతా అనుకూలిస్తే డౌన్‌లోడ్ 150, అప్‌లోడ్ 50 దాకా. పల్లెల్లో టవర్ ఇచ్చేది దానికంటే ఎంతో తక్కువ, కాబట్టి క్యాట్ 4 మీ ఇంటికి సరిపోతుంది. క్యాట్ 6 కోసం ఇంకో రెండు మూడు వేలు పెట్టే అవసరం నాకు కనిపించడం లేదు. ఆ డబ్బుకు బదులు రెండు సంగతులు చూడు. ఒకటి, వెనక యాంటెనా మర తిప్పితే ఊడి వస్తుందా. ఊడితే రేపు కావాలంటే పెద్ద యాంటెనా బిగించుకోవచ్చు. కొన్నింటికి కొమ్ముల్లాంటివి కనిపిస్తాయి గానీ అవి వైఫైకి మాత్రమే, సిమ్ యాంటెనా లోపలే ఉంటుంది. అడిగి తెలుసుకో. రెండు, లాన్ పోర్టు. దాని అవసరం ఇప్పుడే చెప్తాను.

మీ ఇంట్లో సిగ్నల్ పైన, మనుషులు కింద. చాలామంది ఏం చేస్తారంటే రూటర్ కింద పెట్టి, యాంటెనా డాబా మీద పెట్టి, మధ్యలో పది మీటర్ల సన్న యాంటెనా వైరు లాగుతారు. పైన పట్టిన సిగ్నల్ ఆ వైరులోనే కరిగిపోతుంది. ఆ పని చెయ్యకు. రూటర్‌నే పై గదిలో, టవర్ ఉన్న దిక్కు కిటికీ పక్కన పెట్టు. వైఫై స్లాబు దాటి కిందికి చాలావరకు వస్తుంది. సరిపోకపోతే రూటర్ లాన్ పోర్టు నుంచి కిందికి ఒక లాన్ కేబుల్ దింపి, కింద మామూలు వైఫై రూటర్ పాతది ఏదైనా గుచ్చుకో. లాన్ కేబుల్ వంద మీటర్ల దాకా నష్టం లేకుండా తీసుకుపోతుంది. మీ పైగది మీద ఇనుప రేకులుంటే మాత్రం రూటర్‌ను వాటి కింద లోపలికి కాకుండా కిటికీ అంచునే పెట్టు, ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది. సిమెంటు రేకులకు ఆ బాధ లేదు.

డాబా మీద బయట పెట్టే ఆలోచన అసలు చెయ్యకు. ఈ రూటర్లు 40 డిగ్రీల దాకా వేడికి తయారైనవి. మన దగ్గర మే నెలలో నీడలోనే అది దాటిపోతుంది. ఇక కోతుల సంగతి నీకు నేను చెప్పాలా. వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా డిష్ వైర్లు పీకడం, నీళ్ల ట్యాంకు మూతలు ఎత్తడం వాటికి రోజూ ఉన్న పని. కిటికీ పక్కన పెట్టినా రెక్క మూసి, జాలీ ఉండేట్టు చూసుకో. యాంటెనా ఒక పుల్లలా కనిపిస్తే కోతి జాలీ సందులోంచి చెయ్యి పెట్టి లాగుతుంది.

కరెంటు పోయినప్పుడు క్లాసు ఆగకూడదంటే రూటర్ కోసం మినీ యూపీఎస్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. కొనేటప్పుడు రూటర్ అడాప్టర్ మీద 9 వోల్టులు రాసుందా, 12 రాసుందా చూసుకుని అదే ఇచ్చేది తీసుకో. 9 దానికి 12 గుచ్చితే రూటర్ పోతుంది. గాలివాన రోజుల్లో టవర్‌కే కరెంటు లేకపోతే ఇది కూడా ఏం చెయ్యలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, అదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. డేటా. రోజుకు 2 జీబీ ప్యాక్ వేసి రూటర్‌లో పెడదామనుకుంటున్నావేమో. లెక్క వేద్దాం. బిడ్డ 480 క్వాలిటీలో నాలుగు గంటలు పాఠం వింటే దగ్గర దగ్గర 2 జీబీ. నీ వీడియో కాల్స్ రోజుకు గంట అనుకుంటే అర జీబీ. కొడుకు, అత్తమ్మ భక్తి పాటలు, ఫోన్ల సొంత వాడకం కలిపి ఇంకో ఒకటి. మొత్తం మూడున్నర. 2 జీబీ అయిపోగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడుతుంది, దాంతో వాట్సాప్ మెసేజ్ పోవడమే ఎక్కువ. అంటే నువ్వు మగ్గం దగ్గర నుంచి లేచి సాయంత్రం కాల్ చేసే వేళకు నెట్ ఉండదు.

ఇంకో సంగతి. ఫోన్‌కు వైఫై దొరికిందంటే అది ఫైబరే అనుకుంటుంది. ఫొటోలు బ్యాకప్ చేస్తుంది, యాప్‌లు అప్‌డేట్ చేస్తుంది, యూట్యూబ్ పెద్ద క్వాలిటీలో తెరుస్తుంది. ఎవరూ ఏమీ చూడకుండానే మధ్యాహ్నానికి డేటా అయిపోయిందని వాపోయే ఇళ్లలో సగం కారణం ఇదే. దీనికి మందు ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లోనూ వైఫై పేరు మీద నొక్కి, ‘మీటర్డ్’ అన్న చోట ‘ట్రీట్ యాజ్ మీటర్డ్’ పెట్టు. అప్పుడు ఫోన్ దాన్ని సిమ్ డేటాలా పొదుపుగా వాడుతుంది. లాప్‌టాప్‌లో కూడా ఇదే మాట ఉంటుంది. రూటర్ వచ్చిన రోజే నీ బిడ్డకు ఈ పని అప్పజెప్పు, పది నిమిషాల్లో చేసేస్తుంది.

టీవీ గురించి అడిగావు. ఫుల్ హెచ్‌డీలో గంటకు దాదాపు 3 జీబీ తాగుతుంది. అత్తమ్మ అరగంట సీరియళ్లు రెండు చూస్తే 2 జీబీ ప్యాక్‌లో ఒకటిన్నర రోజు డేటా గల్లంతు. సిమ్ రూటర్ మీద టీవీ పెట్టొద్దు, డిష్ ఉంటే దానిమీదే ఉంచు. ‘అన్‌లిమిటెడ్ 5జీ’ అన్న ప్యాక్‌లు చూసి ఆశపడతావేమో, అవి ఫోన్‌లో వాడుకోవడానికి ఇచ్చినవి, 4జీ రూటర్‌లో వేస్తే ఆ లాభం రాదు, రోజు 2 జీబీ లెక్కే నడుస్తుంది.

అందుకే రూటర్ కొనేముందు ఇంకొక్కటి అడిగి చూడు. ఎయిర్‌ఫైబర్ అని వచ్చింది. జియో దీన్ని 2023 సెప్టెంబరు 19న హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టింది, ఎయిర్‌టెల్‌కూ ఇలాంటిదే ఉంది. డాబా మీద టవర్ వైపు ఒక పెట్టె బిగించి, వైరు లోపలికి తెచ్చి వైఫై ఇస్తారు. కేబుల్ ఊరి దాకా రానక్కర్లేదు. జియో మొదలుపెట్టినప్పుడు చిన్న ప్లాన్ నెలకు 599, దానిమీద 18 శాతం జీఎస్‌టీ, అంటే 707 రూపాయల దాకా. 30 ఎంబీపీఎస్ వేగం, నెలకు 1000 జీబీ. రోజుకు 33 జీబీ పడుతుంది. 2 జీబీ ప్యాక్‌తో 28 రోజులకు వచ్చేది 56 జీబీ మాత్రమే. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే మీలాంటి ఇంటికి ఏది తగినదో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, అప్పుడు టీవీ కూడా నిశ్చింతగా నడుస్తుంది. మీ ఊరి పిన్‌కోడ్‌తో వాళ్ల యాప్‌లో గానీ, నర్సంపేటలో వాళ్ల స్టోర్‌లో గానీ అడుగు. ఈ రోజు ధర ఎంతో అక్కడే తెలుస్తుంది. ఒప్పుకునేముందు, వచ్చిన మనిషిని మీ డాబా మీద సిగ్నల్ చూసి, రాత్రి వేగం ఎంత వస్తుందో చెప్పమను. కోతుల సంగతి అతనికీ చెప్పి, వైరును పైపులో పెట్టించు.

మిషన్ భగీరథ పైపులైన్ల వెంట టీ-ఫైబర్ అనే ప్రభుత్వ ఇంటర్నెట్ కేబుల్ కూడా వేశారు కాబట్టి, మీ గ్రామ పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ వచ్చిందేమో కార్యదర్శిని ఒక మాట అడుగు. పంచాయతీ దాకా వచ్చి ఇళ్లకు రాని ఊళ్లుంటాయి. నలుగురైదుగురు కలిసి అడిగితే కేబుల్ ఆపరేటర్ ఇంటి దాకా లాగడానికి ముందుకొస్తాడు.

ఎయిర్‌ఫైబర్ లేదు, ఫైబర్ లేదు అని తేలితేనే 4,000 రూటర్ తీసుకో. అప్పుడు ఒక్క జాగ్రత్త మరిచిపోకు. నీ బ్యాంకుకు, ఆధార్‌కు, గ్యాస్‌కు ఇచ్చిన నెంబరు సిమ్‌ను తీసి అందులో వెయ్యకు. ఓటీపీలు రూటర్‌లోకి పోతాయి, వాటిని చూడాలంటే రూటర్ సెట్టింగ్ పేజీ తెరవాలి, బ్యాంకులో నిలబడి ఆ అవస్థ పడలేవు. ఆధార్‌తో కొత్త సిమ్ తీసుకో, కాల్స్ అక్కర్లేదు, డేటా ఎక్కువిచ్చే ప్యాక్ వేయించుకో. రూటర్ పెట్టిన రోజే వైఫై పాస్‌వర్డ్‌తో పాటు లోపలి సెట్టింగ్ పేజీకి పెట్టే పాస్‌వర్డ్ కూడా మార్చు, చాలా డబ్బాల్లో అది అడ్మిన్ అనే ఉంటుంది, వీధిలో తెలివైన పిల్లవాడికి అది చాలు.

షాపులో ఇంకో మాట అడుగు: మా ఇంట్లో సిగ్నల్ రాకపోతే వారంలో వెనక్కి తీసుకుంటారా అని. ఒప్పుకుంటే బిల్లు మీద రాయించుకో. ఒప్పుకోకపోతే నీ సిమ్ నీ చేతిలోనే ఉంటుంది కదా, పక్క షాపు మెట్లెక్కు.